సిగ్నల్‌లో ఆగితే కారు టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, 38 వేల ఎస్టిమేట్ ఇచ్చారు. చేయించాలా, అమ్మేయాలా?

బెంజ్‌సర్కిల్_బాధితుడు
2011 డిసెంబర్‌లో రిజిస్టర్ అయిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 92 వేల కిలోమీటర్లు తిరిగింది. నాన్నగారి బండి, ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఒకటే గోల. రోడ్డు మీద పోతున్నంతసేపూ టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే ఉంటుంది. మా విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్‌లోనో వన్‌టౌన్ ఇరుకుల్లోనో చిక్కుకుంటే మెల్లగా ఎక్కడం మొదలుపెడుతుంది. ఎర్ర గీత దాకా రానివ్వలేదు, ఏసీ ఆపి, పక్కకు తీసి ఇంజిన్ కట్టేస్తున్నాను. మళ్లీ కదిలితే దిగిపోతుంది.

ముందు మా వీధి చివర మెకానిక్‌కు చూపిస్తే వాల్వ్ పట్టేసిందని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) పీకేసి, రేడియేటర్‌లో పంపునీళ్లు పోసి పంపాడు. ఏమీ మారలేదు, పైగా మైలేజ్ పడిపోయింది. తర్వాత కంపెనీ వర్క్‌షాప్‌కు తీసుకెళ్తే రేడియేటర్ అసెంబ్లీ, వాటర్ పంపు, థర్మోస్టాట్, హోస్ పైపులు, కూలెంట్, లేబర్ అన్నీ కలిపి 38 వేలు రాసిచ్చారు. ఏసీ కూడా సిగ్నల్స్‌లో సరిగ్గా చల్లబడటం లేదంటే గ్యాస్ పట్టించాలన్నారు, అది వేరే. డిసెంబర్‌కు బండికి 15 ఏళ్లు నిండుతాయి. ఇంత పెట్టడం దండగ అని మా ఆవిడ, ఇంజిన్ బంగారం అని నాన్నగారు. మీరేమంటారు?

పక్కసీటు
మీ ఆవిడ చెప్పిందే రైటు. ఇంతకంటే టెక్నికల్ సలహా నా దగ్గర లేదు.

స్పానర్_సుబ్బు
38 వేలు పక్కన పెట్టండి. మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. వేడి ఎప్పుడు ఎక్కుతోంది, ఎప్పుడు దిగుతోంది అనేదే ఇక్కడ ముఖ్యం. బండి కదులుతుంటే ఎదురుగాలి రేడియేటర్‌లోంచి దూసుకుపోతుంది కాబట్టి ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. ఆగినప్పుడు ఆ పని మొత్తం ఫ్యానే చేయాలి. ఆగితే వేడెక్కి, కదిలితే చల్లబడుతోందంటే ముందు ఫ్యాన్‌ను అనుమానించాలి. రేడియేటర్ లోపల పూడుకుపోయినా, వాటర్ పంపు పోయినా హైవే మీద 100లో వెళ్లేటప్పుడు ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే ఇంజిన్ అప్పుడే ఎక్కువ వేడి పుట్టిస్తుంది.

ఇంకో మాట. ఏసీ కూడా సిగ్నల్స్‌లోనే చల్లబడటం లేదన్నారు. రేడియేటర్ ముందు ఉండే ఏసీ కండెన్సర్‌కు కూడా గాలి ఆ ఫ్యానే ఇవ్వాలి. గ్యాస్ తక్కువైతే కదులుతున్నప్పుడు కూడా చల్లదనం తగ్గాలిగా? రెండు రోగాలు కాదు, ఒకటే అని నా అనుమానం. ఎవరైనా ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూశారా అసలు?

బెంజ్‌సర్కిల్_బాధితుడు
సుబ్బు గారు, ఫ్యాన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఎస్టిమేట్‌లో కూడా లేదు. హైవే మీద ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మొన్న ఏలూరు వెళ్లొస్తే చలేసింది.

డీజిల్_బాబాయ్
థర్మోస్టాట్ తీసేయడం తప్పన్నట్టు మాట్లాడకండి. లారీ, జీపు, అంబాసిడర్ అన్నీ నడిపినవాణ్ణి. మన ఎండలకు ఆ వాల్వ్ ఎందుకు? చలిదేశాల వాళ్లు ఇంజిన్ త్వరగా వేడెక్కాలని పెట్టుకున్నారు. మేం కొత్త బండి రాగానే తీసి డాష్‌బోర్డులో పడేసేవాళ్లం, ఏ బండీ ఆగలేదు.

స్పానర్_సుబ్బు
బాబాయ్, మీ అంబాసిడర్‌లో కంప్యూటర్ లేదు. దీంట్లో ఇంజిన్ ఎంత వేడిగా ఉందో సెన్సర్ చెబితే దాన్నిబట్టి ఈసీయూ, అంటే ఆ కంప్యూటర్, పెట్రోల్ కొలిచి వదులుతుంది. థర్మోస్టాట్ మామూలుగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది, అప్పటిదాకా నీళ్లు ఇంజిన్‌లోనే తిరుగుతాయి. అది తీసేస్తే రోడ్డు మీద ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఆయన మైలేజ్ అందుకే పడిపోయింది. కొన్ని బండ్లలో చెక్ ఇంజిన్ లైటు కూడా వెలుగుతుంది, స్కానర్ పెడితే పి0128 అని, అంటే ఇంజిన్ తగినంత వేడెక్కడం లేదనే కోడ్, చూపిస్తుంది.

పైగా సిగ్నల్‌లో సమస్య అలాగే ఉండిపోయింది కదా. వాల్వ్ ఉన్నా లేకపోయినా రేడియేటర్‌కు గాలి లేకపోతే నీళ్లు చల్లబడేదెట్లా?

డీజిల్_బాబాయ్
వాల్వ్ మూసుకుపోయి పట్టేస్తే ఇంజిన్ కాలిపోతుంది, అది చెప్పవేం? ఇంజిన్ పైభాగం, అదే హెడ్, లేపి, లేత్‌లో ఫేసింగ్ కొట్టించి, దాని కింద సీలులా ఉండే గ్యాస్కెట్ వేస్తే ఎంతవుతుందో తెలుసా?

స్పానర్_సుబ్బు
పట్టేస్తే మార్చాలి, తీసేసి వదిలేయకూడదు. కొత్తది హెడ్ గ్యాస్కెట్ పని ముందు చిల్లర ఖర్చు. పట్టేసిందా లేదా అని అనుమానం ఉంటే విప్పిన దాన్ని గిన్నెలో నీళ్లలో వేసి పొయ్యి మీద పెడితే తెరుచుకుంటుందో లేదో కళ్లముందే కనపడుతుంది. ఆ వీధి మెకానిక్ ఈ పని చేసి ఉండడు, నాకు నమ్మకమే.

పక్కసీటు
గిన్నె మాత్రం ఇంట్లోది వాడకండి. మా ఇంట్లో యుద్ధం అయింది.

నల్లగొండ_నర్సన్న
ఫ్యాన్ సంగతి తర్వాత, అసలు పంపునీళ్లు పోసుడేంది? మా దిక్కు బోరునీళ్లు ఎట్లుంటయో అందరికీ తెలుసు. గీజర్ కాయిల్ మీద సున్నం పేరుకున్నట్టే రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది. మా అన్న బండికి ఏండ్లకేండ్లు బోరునీళ్లే పోసిండు. రేడియేటర్ విప్పితే సగం గొట్టాల్లోంచి నీళ్లే పోవట్లేదు. అప్పుడు మాత్రం సిగ్నల్, హైవే అని లేదు, ఎక్కడైనా వేడే.

కూలెంట్ కొనే ఓపిక లేకపోతే కనీసం బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ అయినా పోయండి.

కాకినాడ_క్లచ్
డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే పోస్తే సున్నం పట్టదు గానీ తుప్పు ఆగదు. కూలెంట్ అంటే రంగునీళ్లు కాదు. అందులో ఇథిలీన్ గ్లైకాల్‌తో పాటు తుప్పు పట్టకుండా ఆపే మందులు ఉంటాయి, పంపు సీలు ఎండిపోకుండా చూస్తుంది, పైగా నీళ్లకంటే ఎక్కువ వేడి దగ్గర మరుగుతుంది. సగం నీళ్లు సగం కూలెంట్ కలిపితే మామూలు గాలి ఒత్తిడిలోనే 106 డిగ్రీల దాకా మరగదు, రేడియేటర్ మూత గట్టిగా ఉండి లోపల ప్రెషర్ నిలిస్తే ఇంకా పైకి. అందుకే ఆ మూత ముఖ్యం. మూత రబ్బరు పాడై ప్రెషర్ నిలవని బండిలో ఎంత మంచి కూలెంట్ పోసినా పక్కనుండే కూలెంట్ బాటిల్‌లోకి తన్నేస్తుంది. నాకు అదే జరిగింది. మూత మారిస్తే అయిపోయిన పనికి రేడియేటర్ మార్చమన్నారు ముందు.

కొత్తచక్రం
ఆకుపచ్చ, గులాబీ, నీలం, ఇన్ని రంగులెందుకు? తగ్గితే ఏది దొరికితే అది పోయొచ్చా?

కాకినాడ_క్లచ్
పోయకండి. లోపలి రసాయనం వేరు వేరు. సరిపడనివి కలిస్తే కొన్నిసార్లు జిగురులా గడ్డకట్టి గొట్టాలు మూసేస్తాయి. అలాగని రంగు చూసి నమ్మడానికీ లేదు, ఒక్కో కంపెనీ తనకు నచ్చిన రంగు కలుపుతుంది. బండి పుస్తకంలో ఏ రకం రాశారో అదే కొనండి. ముందే నీళ్లు కలిపిన రెడీ టు యూజ్ డబ్బా అయితే మళ్లీ నీళ్లు కలపకండి, చాలామంది ఇక్కడే పొరపడతారు.

అమలాపురం_ఆక్సిల్
నాకైతే ఇదంతా ఇప్పుడొస్తున్న ఇథనాల్ పెట్రోల్ వల్లే అనిపిస్తోంది. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక పాత బండ్లన్నీ వేడెక్కుతున్నాయి.

స్పానర్_సుబ్బు
పాత బండ్లకు ఈ20తో పేచీ లేదని నేననను. 2023 ఏప్రిల్‌కు ముందు బండ్లు చాలావరకు దానికోసం చేసినవి కావు, మైలేజ్ తగ్గుతుంది, రబ్బరు పైపులూ సీళ్లూ గమనించుకోవాలి. కానీ పెట్రోల్‌కు సిగ్నల్ ఎక్కడుందో తెలియదు కదండీ. ఆగితే వేడి, కదిలితే చల్లన. దీనికి పెట్రోల్ కారణం కాదు.

మాజీ_అడ్వైజర్
వర్క్‌షాప్‌లో సర్వీస్ అడ్వైజర్‌గా కొన్నేళ్లు చేశాను, ఇప్పుడు లేను కాబట్టి చెబుతున్నా. 38 వేల ఎస్టిమేట్ ఇచ్చిన కుర్రాడు దొంగ అని అనుకోకండి. జాబ్ కార్డులో మీరు ఇంజిన్ హీట్ అవుతోంది అని చెబితే అంతే రాస్తాడు. సిగ్నల్‌లో మాత్రమే, ఏసీ వేసినప్పుడు, కదిలితే తగ్గుతుంది అన్న ముక్క మెకానిక్ దాకా వెళ్లదు. బేలో, అంటే రిపేర్ చేసే చోట, బండికి దొరికే టైము తక్కువ. విడిభాగం విప్పి రిపేర్ చేయడం అక్కడ పద్ధతి కాదు, అసెంబ్లీ మార్చడమే. వాళ్లు చేసిన పనికి వారంటీ ఇవ్వాలి, సగం పాత సామాను మీద ఇవ్వలేరు. దానికి తోడు నెలాఖరు టార్గెట్, అది కూడా అబద్ధం కాదు.

మీరు చేయాల్సింది: జాబ్ కార్డులో మీ మాటలు మీరు చెప్పినట్టే రాయించండి, సంతకం ముందు చదవండి. ఏ భాగం పోయిందని దేన్ని చూసి చెప్పారో అడగండి. మార్చిన పాత సామాను డిక్కీలో పెట్టమని ముందే చెప్పండి. ఈ చివరి మాట అన్నాక కొన్ని ఎస్టిమేట్లు వాటంతటవే తగ్గడం నేను కళ్లారా చూశాను.

పక్కసీటు
పాత సామాను ఇంటికి తెచ్చి ఏం చేయాలి? మా మేడ మీద ఇప్పటికే రెండు క్లచ్ ప్లేట్లు, ఒక సైలెన్సర్ ఉన్నాయి. మా అత్తగారు వాటిపక్కన వడియాలు పెడుతున్నారు.

స్పానర్_సుబ్బు
బాధితుడు గారు, ఖర్చు లేకుండా ఇంట్లో చేసుకునే పరీక్ష. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, స్టార్ట్ చేసి ఏసీ ఫుల్లుగా వేయండి. బానెట్ ఎత్తి చూడండి. కాసేపట్లో ఫ్యాన్ తిరగాలి, ఆగి ఆగి తిరిగినా సరే. తిరగకపోతే ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కు కరెంటు వదిలే స్విచ్చు), మోటర్, వైరింగ్ ఈ వరుసలో చూడాలి. ఫ్యూజ్ బాక్స్ మూత వెనక బొమ్మ ఉంటుంది. ఫ్యాన్ రిలే, హారన్ రిలే మీద ఒకటే నంబరు ఉంటే రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. ఫ్యాన్ తిరిగి హారన్ ఆగిపోయిందంటే దొంగ దొరికినట్టే.

చెయ్యి, చొక్కా, చున్నీ ఏదీ ఫ్యాన్ దగ్గర పెట్టకండి. ఇంజిన్ ఆపేశాక కూడా కొన్ని బండ్లలో ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది.

డీజిల్_బాబాయ్
వేడి మీద రేడియేటర్ మూత తీయాల్సి వస్తే తడి గోనెసంచి వేసి మెల్లగా సగం తిప్పి ఆవిరి వదలాలి. మేమంతా అట్లానే చేశాం.

కాకినాడ_క్లచ్
బాబాయ్ దయచేసి ఆ సలహా ఇవ్వకండి. మా పక్కింటాయన గోనెసంచితోనే తీశాడు, మణికట్టు నుంచి మోచేతి దాకా తోలు ఊడివచ్చింది. లోపల నీళ్లు 100 దాటి ఉంటాయి, ప్రెషర్ వల్ల మరగకుండా ఆగి ఉంటాయి, మూత కదిలించిన మరుక్షణం భగ్గుమని మరిగి ఆవిరితో కలిసి ముఖాన కొడుతుంది. అరగంటో ముప్పావుగంటో ఆగితే పోయేదేముంది? పైహోస్ పట్టుకుంటే చెయ్యి కాలకుండా, నొక్కితే మెత్తగా ఉండాలి, అప్పుడు మూత ముట్టుకోవాలి. ఎర్రగా కాగిన ఇంజిన్‌లో చన్నీళ్లు గబుక్కున పోయడం కూడా వద్దు, హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

కొత్తచక్రం
నా బండిలో అసలు ముల్లే లేదు. పొద్దున స్టార్ట్ చేస్తే నీలం లైటు, తర్వాత పోతుంది. అంటే నాకు వేడెక్కిన సంగతి ఎప్పుడు తెలుస్తుంది?

మాజీ_అడ్వైజర్
నీలం అంటే ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని, ఎర్రది వెలిగితే పరిస్థితి చేయి దాటుతోందని. ఎర్రది వెలిగాక ఇల్లు దగ్గరే కదా అని నడపకండి. ముల్లు ఉన్న బండ్లలోనూ ఒక మోసం ఉంది. చాలావాటిలో 75 నుంచి 105 దాకా ఎంతున్నా ముల్లు నడిమధ్యే నిలబడేట్టు కంపెనీవాళ్లే పెడతారు, లేకపోతే ఊరికే కంగారుపడి సర్వీస్ సెంటర్‌కు వస్తారని. మధ్య నుంచి కదిలిందంటే అప్పటికే వేడి బాగా ఎక్కినట్టు. ఓబీడీ పోర్టుకు (స్కానర్ తగిలించే సాకెట్) పెట్టే బ్లూటూత్ ముక్క ఒకటి కొనుక్కుంటే ఫోన్‌లో అసలు డిగ్రీలు కనపడతాయి. 2013 తర్వాత బండ్లలో దాదాపు అన్నిట్లో పనిచేస్తుంది, అంతకు పాతవైతే బండినిబట్టి.

డాలస్_తమ్ముడు
ఇక్కడ ఇదే పని చేస్తాను, ముక్క పెట్టి కోడ్ చదువుకుని సామాను తెప్పించుకుని ఇంటి ముందే విప్పుతాను, ఎందుకంటే మెకానిక్ గంటకు అడిగే రేటు వింటే మనకే టెంపరేచర్ పెరుగుతుంది. మీకు ఆటోనగర్ ఉంది, అదృష్టవంతులు. అన్నట్టు మా టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. డాలస్ లాంటి పెద్ద కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది.

పక్కసీటు
మాకు పొగ పరీక్ష రోడ్డు పక్కన వ్యానులో అవుతుంది తమ్ముడూ, పొగకంటే ముందు సర్టిఫికెట్ వస్తుంది.

ఆర్టీఓ_చుట్టూ
నవ్వులాట సరే, పొల్యూషన్ సర్టిఫికెట్ లేకపోతే మోటార్ వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 10 వేల దాకా వేయొచ్చు. ఇన్సూరెన్స్ లేకపోతే మొదటిసారి 2 వేలు, రెండోసారి 4 వేలు. 2019 సెప్టెంబర్ నుంచి పెరిగిన రేట్లు ఇవి. అసలు ప్రశ్నలో రెండో సగం, 15 ఏళ్ల సంగతి, ఎవరూ ముట్టుకోలేదు. రాత్రికి వివరంగా రాస్తాను.

ఘాట్‌రోడ్_గిరి
ఇన్సూరెన్స్ అంటే గుర్తొచ్చింది. శ్రీశైలం వెళ్తుంటే దోర్నాల దాటాక కింద రాయి తగిలి రేడియేటర్ చిల్లుపడింది. మాకు తెలియలేదు. ఫోన్ సిగ్నల్ లేదు, అడవిలో చీకటి పడితే గేట్లు వేస్తారని భయం, అలాగే లాగించాం. ఇంజిన్ పట్టేసింది. ఫుల్ ఇన్సూరెన్సే, అయినా రేడియేటర్ డబ్బులిచ్చి ఇంజిన్ ఇవ్వమన్నారు. రాయి తగలడం యాక్సిడెంట్, నీళ్లు లేకుండా నడపడం మీ నిర్ణయం అని రాసిచ్చారు. పోట్లాడాం, ఏం కాలేదు. వేరుగా ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ తీసుకున్నవాళ్లు కూడా ఇలాంటిదానికి ఇస్తారో లేదో పాలసీ కాగితంలో చదువుకోండి, పేరు చూసి నమ్మకండి.

బెంజ్‌సర్కిల్_బాధితుడు
అప్‌డేట్. పొద్దున సుబ్బు గారు చెప్పినట్టు ఏసీ వేసి బానెట్ ఎత్తాను. ఫ్యాన్ కదల్లేదు. ఫ్యూజు బాగానే ఉంది. రిలేలు మార్చి చూశాను, హారన్ మోగుతోంది, ఫ్యాన్ మాత్రం అలాగే ఉంది. నాన్నగారు వచ్చి చెక్క స్కేలుతో మోటర్ వెనక రెండు దెబ్బలు వేశారు. గుర్రుమని తిరిగింది! ఆపి మళ్లీ వేస్తే మళ్లీ లేదు, మళ్లీ కొడితే తిరిగింది. ఆయన ముఖం చూడాలి మీరు.

స్పానర్_సుబ్బు
మోటర్‌లో బొగ్గులు (తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే కార్బన్ ముక్కలు) అరిగిపోయాయి. కొడితే కాసేపు ఆనుకుంటాయి, తర్వాత వదిలేస్తాయి. నాన్నగారికి నా నమస్కారం. మోటర్ మార్చేయండి, బొగ్గులు మాత్రమే వేసేవాళ్లూ ఉన్నారు గానీ ఈ ఎండలో ఆ రిస్కు వద్దు. మోటర్ విప్పినప్పుడే కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో టార్చి వేసి చూడండి. ముందునుంచి చూస్తే శుభ్రంగానే కనపడుతుంది, చెత్తంతా ఆ సందులో ఉంటుంది.

డీజిల్_బాబాయ్
పెద్దాయన అనుభవం చూశారా! అదీ పాతకాలం పద్ధతి.

స్పానర్_సుబ్బు
ఆయన థర్మోస్టాట్ పీకమనలేదుగా బాబాయ్.

ఆర్టీఓ_చుట్టూ
ఇప్పుడు 15 ఏళ్ల ముచ్చట. సొంత కారుకు ఆర్సీ చెల్లుబాటు రిజిస్టర్ అయిన రోజు నుంచి 15 ఏళ్లు. ఆ తర్వాత బండి తుక్కు అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అది ఢిల్లీ చుట్టుపక్కల డీజిల్‌కు 10, పెట్రోల్‌కు 15 ఏళ్లని వచ్చిన ఆదేశాల వల్ల పుట్టిన భయం. ప్రభుత్వ శాఖల బండ్లకు కూడా 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ల తర్వాత రెన్యువల్ లేదు. మన ఆంధ్ర, తెలంగాణల్లో సొంత కారుకు అలాంటిదేమీ లేదు, ఫిట్‌గా ఉంటే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుని నడుపుకోవచ్చు.

ఫారం 25తో గడువుకు 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఫీజు ఒకప్పుడు 600 ఉండేది, 2022 ఏప్రిల్ 1 నుంచి కారుకు 5 వేలు చేశారు. ఆలస్యమైతే నెలకు 500 అదనం. గ్రీన్ ట్యాక్స్ వేరుగా కట్టాలి. బండి తీసుకెళ్తే ఎంవీఐ, అంటే మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్, చూస్తాడు: లైట్లు, ఇండికేటర్లు, హారన్, టైర్లు, ఛాసిస్ నంబరు. ఇన్సూరెన్స్, పొల్యూషన్ చెల్లుబాటులో ఉండాలి, పాత చలానాలు కట్టేసి వెళ్లండి. ఆర్సీ గడువు దాటిన బండి రోడ్డెక్కితే రిజిస్ట్రేషన్ లేని బండి కిందే లెక్క, 192 సెక్షన్ కింద 5 వేల దాకా ఫైన్. ఫైన్‌కంటే పెద్ద తలనొప్పి ఏమిటంటే, ఆ సమయంలో యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లకు చేతికి సాకు ఇచ్చినట్టే.

ఒక మెలిక. ఆర్సీ నాన్నగారి పేరు మీదే ఉందా? మీ పేరుకు మార్చుకునే ఉద్దేశం ఉంటే ముందు ఆ పని ఫారం 29, 30తో కానివ్వండి.

సీతమ్మధార_సెడాన్
20 ఏళ్లు దాటినవాటికి ఇంకా పెంచారని విన్నాను?

ఆర్టీఓ_చుట్టూ
అవును, 2025 ఆగస్టులో. 20 దాటిన కార్లకు 10 వేలు. 15 నుంచి 20 మధ్య వాటికి పాత 5 వేలే.

నల్లగొండ_నర్సన్న
నాది 2009ది, పాత ఏపీ 24 నంబరు. తెలంగాణ వచ్చినంక టీఎస్ అయింది, 2024ల టీజీ అయింది, నా బండి మాత్రం ఏపీగనే ఉంది. రెన్యువల్‌కు పోయినప్పుడు నంబర్ మార్చాలంటారేమో అని భయపడ్డ. ఏం అనలేదు, అదే నంబరు మీద ఐదేండ్లు ఇచ్చిండ్రు. ఎంవీఐ సార్ బానెట్ ఎత్తి బాగ ఉంచుకున్నవ్ అన్నడు. మా ఇంట్ల ఎవ్వలూ అట్ల అనలే.

మాజీ_అడ్వైజర్
అమ్మాలా వద్దా అన్నదానికి నా లెక్క. 15 ఏళ్లకు దగ్గరైన బండికి మార్కెట్‌లో వచ్చేది ఎలాగూ తక్కువే, వేడెక్కుతోందని చెబితే ఇంకా కోస్తారు, చెప్పకుండా అమ్మితే పాపం. 92 వేలు తిరిగిన పెట్రోల్ ఇంజిన్‌కు ఇంకా చాలా ప్రాణం ఉంటుంది. కానీ హెడ్ గ్యాస్కెట్ ఒకసారి చూసుకున్నాకే నిర్ణయం తీసుకోండి. ఆయిల్ మూత విప్పితే లోపల మజ్జిగలాంటి నురగ ఉందా, సైలెన్సర్ నుంచి వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తోందా, స్టార్ట్ చేస్తే కూలెంట్ బాటిల్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నాయా. ఇవేవీ లేకపోతే ఉంచుకోండి. కింద చూసి ఛాసిస్ తుప్పు లేదని కూడా రూఢి చేసుకోండి. ఇంజిన్‌కంటే పాత బండ్లను చంపేది తుప్పే, ముఖ్యంగా సముద్రం దగ్గర ఊళ్లలో.

సీతమ్మధార_సెడాన్
వైజాగ్ తరఫున ధ్రువీకరిస్తున్నాను. మా డోర్ల కింది అంచులు చేత్తో తుంచితే వస్తున్నాయి.

బెంజ్‌సర్కిల్_బాధితుడు
ఆటోనగర్‌లో వేరే షెడ్డుకు వెళ్లాను. కొత్త ఫ్యాన్ మోటర్ 2,200. కంపెనీది కాదు, కానీ బిల్లు ఇచ్చాడు. థర్మోస్టాట్ కొత్తది వేయించాను, కూలెంట్ రెడీ టు యూజ్ డబ్బాలు నేనే పట్టుకెళ్లాను. లోపలున్న నీళ్లు వదిలితే టీ రంగులో వచ్చాయి, రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి అప్పుడు పోశారు. సుబ్బు గారు చెప్పిన సందులో టార్చి వేస్తే బూజు, దూది, పురుగుల రెక్కలు కలిసి దుప్పటిలా అతుక్కుని ఉన్నాయి, మధ్యలో సగం కాలిన క్యారీ బ్యాగ్ ముక్క. పైపు ప్రెషర్ బాగా తగ్గించి, ఇంజిన్ వైపు నుంచి బయటికి కడిగాడు కుర్రాడు, ఎక్కువ ప్రెషర్ పెడితే రేడియేటర్ సన్నరేకులు ఒంగిపోతాయట.

మొత్తం 6 వేల లోపే. నిన్న మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ కింద ఇరుక్కున్నాను, ఏసీ ఫుల్. ముల్లు కదల్లేదు. ఏసీ చల్లగానే ఉంది, గ్యాస్ ఎవరూ పట్టించలేదు. మాజీ అడ్వైజర్ గారు, ఆయిల్ మూత శుభ్రంగా ఉంది, బుడగల్లేవు. డిసెంబర్‌కు ముందు ఫారం 25 పెడతాను.

స్పానర్_సుబ్బు
కొత్త కూలెంట్ పోశాక లోపల గాలి బుడగ మిగిలితే మళ్లీ ముల్లు ఎక్కుతుంది. మొదటి వారం ఉదయాన్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బాటిల్‌లో లెవెల్ చూస్తుండండి. కాస్త తగ్గితే నింపండి. రోజూ తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది, లేదా ఇంజిన్ తాగేస్తోంది.

పక్కసీటు
మీ ఆవిడ ఏమన్నారో రాయలేదు.

బెంజ్‌సర్కిల్_బాధితుడు
మిగిలిన 32 వేలు ఎక్కడ అని అడిగింది.

అమలాపురం_ఆక్సిల్
సందట్లో నా గోల కూడా. నాది డీజిల్, ఊళ్లో ఎంత ట్రాఫిక్ ఉన్నా ముల్లు కదలదు. రాజమండ్రి హైవే ఎక్కి 90 దాటితే మెల్లగా ఎక్కుతుంది, 60కి తగ్గిస్తే దిగుతుంది. ఫ్యాన్ తిరుగుతోంది, చూశాను. బాటిల్ నిండుగానే ఉంది. ఇది దానికి రివర్స్ కదా?

స్పానర్_సుబ్బు
రివర్సే. బాటిల్ చూసి సరిపెట్టుకోకండి, బాటిల్ నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉన్న బండ్లు చూశాను, చల్లారాక మూత తీసి లోపల చూడండి. వేడెక్కినప్పుడు బండి పక్కకు ఆపి, ఇంజిన్ ఆపకుండా, కింది హోస్‌ను కళ్లతో చూడండి. రేస్ చేస్తే ఆ పైపు లోపలికి పీల్చుకుపోయి నొక్కుకుంటోందా? అలా అయితే పైపు మెత్తబడింది లేదా రేడియేటర్ పూడింది. మీ ఊరి బోరునీళ్లు ఎన్నేళ్లుగా పోస్తున్నారో కూడా చెప్పండి.

అమలాపురం_ఆక్సిల్
బోరు కాదండీ, కాలవ నీళ్లు.

నల్లగొండ_నర్సన్న
ఇంకేం, చేపలు కూడా ఉంటయి చూసుకో అన్నా.